చీర వరునిది, కుట్టు మనది

మార్చి నెల చివరికి నల్లపాడు చుట్టుపక్కల పొలాల్లో మిరప కోతలు ఆఖరికి వస్తాయి. కల్లాల్లో ఆరిన కాయ తాలు ఏరించుకొని, బస్తాలకెక్కి గుంటూరు మిర్చి యార్డు దారి పడుతుంది. పత్తి తీతలు అంతకు ముందే ముగిసి ఉంటాయి. రైతుకైనా కూలికైనా చేతిలో నాలుగు రూపాయలు కనబడే కాలమది. శ్రమదినాలలో పెళ్లిళ్లు పెట్టుకోని అలవాటు మన సంఘాలలో చాలావాటికి ఉంది కాబట్టి, ఈస్టరు పండుగ వెళ్లగానే ఆదివారం ఆరాధనలో వివాహ ప్రకటనలు వరుసగా వినబడతాయి. ప్రకటన చదివారంటే ఇక ఆ ఇంటికి వచ్చే చుట్టాలందరి నోటా ఒకటే మాట: పెళ్లిచీర వచ్చిందా?

మన ప్రాంతపు క్రైస్తవ కుటుంబాలు చాలావాటిలో పెళ్లిచీర పెండ్లికుమారుని ఇంటినుంచే వస్తుంది. తెల్లచీర, లేదా లేత మీగడ రంగు చీర, దానిమీదికి మేలిముసుగు. పళ్లెంలో పెట్టి, ప్రార్థన చేసి, పెద్దల ఎదుట అమ్మాయి చేతికిస్తారు. చీర చేతికొచ్చింది కదా, పని అయిపోయిందని ఎవరూ అనుకోరు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఫాల్ కుట్టించాలి. అంచులకు పీకో చేయించాలి. జాకెట్టు కుట్టించాలి. మేలిముసుగు తలమీద సరిగ్గా నిలుస్తుందో లేదో చూసుకోవాలి. టైలరు దగ్గరికి వెళితే ఆయన మొదట అడిగేది ఒక్కటే: "ఆది జాకెట్టు తెచ్చారామ్మా?" ఒంటికి చక్కగా సరిపోయే జాకెట్టు ఒకటి ఆదిగా ఇస్తేనే కొత్తది కొలత తప్పకుండా కుదురుతుంది. కుట్టి ఇచ్చాక ఒకసారి వేసి చూడాలి. భుజం దగ్గర వదులైతే పట్టించాలి, చేతుల దగ్గర బిగుతైతే విప్పించాలి. ఇదంతా పెళ్లికి వారం పది రోజుల ముందే జరిగిపోవాలి.

చీర వచ్చింది కదా అని పెళ్లిరోజు పొద్దుటి దాకా మడత విప్పకుండా బీరువాలో ఉంచే తల్లి నల్లపాడులోనే కాదు, ఈ మిరప నేలంతా వెదికినా కనబడదు. పెండ్లికుమార్తె తన ఒడ్డాణాన్ని, అలంకారాన్ని మరచిపోతుందా అని యిర్మీయా ప్రవక్త ద్వారా దేవుడే ఇశ్రాయేలును అడిగాడు (యిర్మీయా 2:32). అమ్మాయి తన చీరను మరచిపోదు. మరి క్రీస్తుకు ప్రధానం చేయబడిన సంఘం తన వస్త్రాన్ని ఎందుకు మరచిపోతోంది? ఈ వారం మనం ఆలోచించవలసిన సంగతి ఇదే.

ప్రకటన గ్రంథం 19వ అధ్యాయం 7, 8 వచనాలలో గొఱ్ఱెపిల్ల వివాహాన్ని గురించి యోహాను రాశాడు. అక్కడ రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. ఆయన భార్య తనను తాను సిద్ధం చేసుకున్నదనేది మొదటి మాట. మెరిసే, శుభ్రమైన, సన్నని నారవస్త్రం ధరించుకోవడానికి ఆమెకు ఇవ్వబడిందనేది రెండో మాట. ఆ వస్త్రమంటే పరిశుద్ధుల నీతిక్రియలేనని వెంటనే వివరణ కూడా ఉంది. ఇచ్చింది ఆయన. సిద్ధపడింది ఆమె. బట్ట వరుని ఇంటినుంచి వచ్చింది, కుట్టుపని వధువు ఇంట్లో జరిగింది. మన ఊరి పెళ్లిచీర కథ కూడా ఇదే కదా!

ఈ రెండు మాటలను విడదీసి ఒక్కొక్కటే పట్టుకున్నవారు మన సంఘాలలో ఉన్నారు. రక్షణ ఉచితం, ప్రభువు అంతా చేసేశాడు, ఇక మనం చేయవలసిందేమీ లేదని కొందరు నిశ్చింతగా కూర్చున్నారు. వారు చీరను బీరువాలో పెట్టి తాళం వేసినవారు. మరికొందరు ఉపవాసాలు, కానుకలు, సేవలు లెక్కపెట్టుకుంటూ తమ వస్త్రం తామే నేసుకుంటున్నామనుకుంటారు. వారికి ఒకరోజు గర్వం, మరొకరోజు భయం. మగ్గమే లేని ఇంట్లో చీర నేయాలని కూర్చున్నవారు వారు. పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో 8, 9, 10 వచనాలను కలిపి చదివితే ఈ రెండు తప్పులూ దిద్దుకుంటాయి. మనం రక్షింపబడింది కృపచేత, క్రియలవల్ల కాదు. అయినా దేవుడు ముందుగానే సిద్ధం చేసిన సత్క్రియలలో నడవడానికే మనం సృష్టింపబడ్డాం. పదో వచనం లేకుండా ఎనిమిదో వచనాన్ని మాత్రమే గోడకు తగిలించుకోవడం మనకు అలవాటైపోయింది.

నల్లపాడు పేరులో నలుపు ఉంది. చుట్టూ నల్లరేగడి నేల ఉంది. ఆ నల్లనేలే ఏటా తెల్లని పత్తినిస్తోంది. దేవుని కృప పని కూడా అలాంటిదే. ప్రధాన యాజకుడైన యెహోషువ మురికి బట్టలతో నిలబడి ఉంటే, సాతాను పక్కనే నిలిచి నేరం మోపుతుంటే, దేవుడు ఆ మురికి బట్టలు తీయించి శుభ్రమైనవి తొడిగించాడు (జెకర్యా 3:1-5). యెహోషువ అప్పటికి తన పక్షాన ఒక్క మాటైనా మాట్లాడలేదు. అయితే కథ అక్కడితో ఆగలేదు. నా మార్గాలలో నడిచి, నేను అప్పగించినదాన్ని కాపాడుకోవాలని దేవుడు ఏడో వచనంలో అతనితో చెప్పాడు. బట్ట మార్చడం ఆయన వంతు. మార్చిన బట్టలో నడవడం అతని వంతు.

ఇందుకు మనకు చాలా దూరదేశంలో ఒక చక్కని దృష్టాంతముంది. గుంటూరుకు తొలి లూథరన్ మిషనరీగా ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న వచ్చారని మన పిల్లలు సండేస్కూల్లోనే నేర్చుకుంటారు. ఆయనను పంపింది అమెరికాలోని పెన్సిల్వేనియా లూథరన్ సంఘాలు. అదే పెన్సిల్వేనియాలో, నెఫ్స్ అనే చిన్న ఊరి లూథరన్ చర్చిలో 1947 జూలై 19న ఒక వివాహం జరిగింది. పెండ్లికుమారుడు క్లాడ్ హెన్‌సింగర్. పెండ్లికుమార్తె రూత్. ఆమె కట్టుకున్న తెల్లని గౌను అమెరికా జాతీయ చరిత్ర మ్యూజియంలో భద్రంగా ఉంది. అది పట్టు కాదు, కొనుక్కొచ్చిన బట్టా కాదు. అది ఒక పారాచూట్.

1944 ఆగస్టులో హెన్‌సింగర్ యుద్ధవిమానం నడుపుతూ జపాన్‌పై దాడినుంచి తిరిగి వస్తుండగా ఇంజనుకు మంటలంటుకున్నాయి. ఆయన, ఆయన సిబ్బంది చైనా మీద విమానం నుంచి దూకవలసి వచ్చింది. పారాచూట్ విచ్చుకొని ఆయన ప్రాణం దక్కింది. రాళ్లమీద పడి చిన్న దెబ్బలు తగిలాయి. ఆ రాత్రి ఆ నైలాను బట్టనే తలకింద పెట్టుకొని, దాన్నే కప్పుకొని తెల్లవారేదాకా గడిపాడు. ఇంటికి చేరాక దాన్ని పారేయలేదు. 1947లో రూత్‌ను పెళ్లికి అడిగినప్పుడు ఆ పారాచూట్‌ను ఆమె చేతిలో పెట్టి, నీ పెళ్లి గౌను దీనితో కుట్టించుకొమ్మన్నాడు.

ఆమె ఏం చేసిందో చూడండి. ఆ బట్టను అలాగే ఒంటికి చుట్టుకొని చర్చికి రాలేదు. పై భాగాన్ని, మేలిముసుగును ఊళ్లోని కుట్టుపనావిడతో కుట్టించుకుంది. కింది పావడా తానే స్వయంగా కుట్టుకుంది. పారాచూట్ తాళ్లను లాగి, ముందు పొట్టిగా, వెనక నేలమీద జీరాడేలా అమర్చుకుంది. ఆమె తర్వాత ఆ గౌనునే వారి కుమార్తె తన పెళ్లికి కట్టుకుంది, వారి కోడలు కూడా కట్టుకుంది.

వరుని ప్రాణాన్ని కాపాడిన బట్ట వధువుకు పెళ్లివస్త్రమైంది. మన విషయంలో జరిగింది ఇంతకంటే గొప్పది. మన వరుని ప్రాణం దక్కలేదు. ఆయన తన ప్రాణం పెట్టాడు. సైనికులు ఆయన వస్త్రాలను పంచుకున్నారు, అంగీకోసం చీట్లు వేశారు. సిలువమీద ఆయన వస్త్రహీనుడైనందువల్ల మనకు వస్త్రం దొరికింది. అంత ఖరీదైన బట్టను చేతికిస్తే ఎవరైనా మూలన పడేస్తారా? రూత్ పడేయలేదు. ఆమె కుట్టిన ప్రతి కుట్టూ ఆ ప్రేమకు జవాబు. మన నీతిక్రియలు కూడా అలాంటి జవాబే. అవి బట్ట వెల కావు. బట్ట వెల ఎప్పుడో చెల్లిపోయింది.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. తెల్లచీర అసలు మనదేనా, దొరల దగ్గర నేర్చుకున్నది కాదా అని కొందరు అడుగుతారు. తెల్లని పెళ్లి గౌను ప్రపంచమంతా ప్రచారం కావడానికి 1840 ఫిబ్రవరి 10న జరిగిన విక్టోరియా రాణి పెళ్లి ముఖ్యకారణమన్నది నిజమే. మన పొరుగువారి పెళ్లిళ్లలో వధూవరులు కట్టుకునే మధుపర్కాలు కూడా రంగు అంచున్న తెల్లని బట్టలేనన్నది అంతే నిజం. కాబట్టి తెలుపు ఎవరి సొంతమూ కాదు. బైబిలు కూడా రంగును పూజించమనలేదు. శుభ్రతను కోరింది. తెల్లచీర కట్టినంతమాత్రాన పెళ్లి పవిత్రం కాదు, రంగుచీర కడితే అపవిత్రమూ కాదు. చూడవలసింది మచ్చ ఉందా లేదా అని.

ఆ మచ్చ గురించే ఇప్పుడు మాట్లాడుకోవాలి. ఎవరినో నొప్పించడానికి మేమీ మాట రాయడం లేదు. మా ఇళ్లలోనూ ఈ తప్పు జరిగింది గనుకనే రాస్తున్నాం.

ఎఫెసీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం 25వ వచనం నుంచి 27వ వచనం వరకు మన పెళ్లిళ్లలో తప్పనిసరిగా చదువుతారు. క్రీస్తు సంఘాన్ని ప్రేమించి తనను తాను అప్పగించుకున్నాడు. మచ్చ గాని ముడత గాని లేకుండా ఆమెను తన ఎదుట నిలబెట్టుకోవాలనేదే ఆయన కోరిక. అంటే పెళ్లి ఖర్చు వరుడే భరించాడు, అదీ తన రక్తంతో. పాత నిబంధనలోనూ ఇంతే. ఇస్సాకు కోసం రిబ్కాను అడగడానికి వెళ్లిన అబ్రాహాము సేవకుడు వెండి బంగారాలు, వస్త్రాలు తీసుకెళ్లి ఆమెకిచ్చాడు. ఆమె అన్నకు, తల్లికి కూడా విలువైన కానుకలిచ్చాడు (ఆదికాండము 24:53). తిరిగి వస్తూ ఒంటెలమీద కట్నం మూటలు తెచ్చాడని ఎక్కడా లేదు.

మరి ఈ వాక్యం చదివే మన పెళ్లిళ్లలో జరుగుతున్నదేమిటి? పళ్లెంలో తెల్లచీర పెట్టి తెచ్చిన ఇంటివారే దానికి ఎన్నో రెట్లు రొక్కం ముందుగా మాట్లాడుకొని ఉంటారు. పిల్లవాడి సూటు, బండి, బంగారం అన్నీ ఆడపిల్ల తండ్రి మీదే. కానుక అని పేరు మారుస్తాం, ఆశీర్వాదం అని పేరు మారుస్తాం. 1961లో వచ్చిన వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇచ్చినా పుచ్చుకున్నా నేరమే. చట్టం సంగతి అలా ఉంచినా, ఇచ్చిన వరుని సువార్తను ప్రకటించే సంఘంలో పుచ్చుకునే వరుడు బలిపీఠం ముందు ఏ ముఖంతో నిలబడతాడు?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ నేలమీద పెళ్లి చేయడమంటే మిరపను నమ్ముకొని చేయడమే. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం జిల్లాల తోటల్లో పూత మీద పడి పంటను దెబ్బతీసింది. 2025 ఆరంభంలో మిర్చి ధర పడిపోతే, క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం ప్రకటించవలసి వచ్చింది. ధర పడిన ఏడు కట్నం తగ్గదు. కౌలు తగ్గదు. వడ్డీ అసలే తగ్గదు. తండ్రి నోటు రాసిస్తాడు. ఆ సంగతి తెలిసిన కూతురు తెల్లచీర కట్టుకొని పీటల దగ్గర తలవంచుకొని నిలబడుతుంది. చీర మెరుస్తూనే ఉంటుంది. దానిమీది మచ్చ మనకు కనబడదు, దేవునికి కనబడుతుంది.

ఇంకొక మచ్చ ఉంది. దాన్ని మనం మచ్చ అని కూడా అనుకోవడం లేదు. చీర సిద్ధం కావడం వెనక ఎందరి చేతులుంటాయో ఎప్పుడైనా లెక్కపెట్టామా? విక్టోరియా రాణి గౌనుకు కావలసిన లేసును ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో రెండు వందల మందికి పైగా స్త్రీలు నెలల తరబడి అల్లారు. రాణి ఆ లేసును కోరి తెప్పించుకోవడంవల్ల క్షీణిస్తున్న ఆ పనివారికి బతుకుతెరువు దొరికింది. మన గోదావరి తీరంలో నరసాపురం స్త్రీలు లేసు అల్లడం 19వ శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చుకున్నదే. వారి చేతిపని విదేశాలకు వెళ్లింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే 1982లో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ స్త్రీలను గురించి రాసిన గ్రంథం ఒక చేదు నిజాన్ని బయటపెట్టింది. రోజంతా లేసు అల్లే స్త్రీలను పనివారిగా లెక్కపెట్టలేదు. ఇంట్లో ఖాళీగా కూర్చొని చేసే పని అన్నారు, కూలి అతి తక్కువ ఇచ్చారు.

ఈ మాట మన గుమ్మం దాకా తెచ్చుకుందాం. పెళ్లి జాకెట్టు కోసం రాత్రి రెండు గంటలదాకా మిషను తొక్కిన అక్కకు డబ్బులు ఎప్పుడిస్తున్నాం? పెళ్లి అయిపోనీ, చూద్దాంలే అంటున్నాం. మండపానికి, వీడియోకు, భోజనాలకు లక్షలు లెక్కపెట్టిన చేతులే కుట్టుకూలి దగ్గర యాభై రూపాయలకు బేరమాడుతున్నాయి. మోసంగా బిగబట్టిన కూలి మొరపెడుతున్నదని, ఆ మొర సైన్యాల ప్రభువు చెవిని చేరిందని యాకోబు రాశాడు (యాకోబు 5:4). కూలి ఇవ్వని చీర ఎంత ఖరీదైనా సరే, అది నీతిక్రియలతో కుట్టిన వస్త్రం కాదు.

మూడో మచ్చ మరింత సున్నితమైనది. తెలుపు మన ఊళ్లలో పెళ్లికూతురి రంగే కాదు, భర్తను పోగొట్టుకున్న స్త్రీ రంగుగా కూడా చాలాకాలం ఉంది. అమ్మాయికి పెళ్లిచీర కట్టేటప్పుడు విధవరాలైన తల్లి గది బయట నిలబడిపోవడం క్రైస్తవుల ఇళ్లలోనూ చూస్తున్నాం. నేను ముట్టుకోకూడదులే, పిన్ని కడుతుందిలే అంటుంది ఆమె. మనం ఊరుకుంటాం. చిన్నప్పటినుంచి ఆ బిడ్డకు స్నానం చేయించి, జడవేసి, మిరప కోతకు కూలికి వెళ్లి చదివించిన చేతులు ఆ చీర కుచ్చిళ్లు సర్దడానికి పనికిరాకుండా పోయాయా? ఇహలోక మాలిన్యం అంటకుండా తనను కాపాడుకోవడం, విధవరాండ్రను ఇబ్బందిలో పరామర్శించడం, ఈ రెంటినీ యాకోబు ఒకే వచనంలో చెప్పాడు (యాకోబు 1:27). మచ్చలేని బతుకు, విధవరాలికి గౌరవం ఒకే బట్టలోని పడుగు పేకలు. ఒకటి తీసేస్తే రెండోది నిలవదు. ఈ వేసవిలో మన సంఘంలో ఏ ఇంట్లో పెళ్లి జరిగినా, ఆ తల్లి చేయి పట్టుకొని గదిలోకి తీసుకెళ్లే పెద్దమ్మ ఒకరైనా ఉండాలి. ప్రభువు దృష్టికి ఆ పని ప్రసంగం కంటే తక్కువ కాదు.

ఇవన్నీ ముందుగా చేసుకోవలసిన పనులు. అందుకే పెళ్లివిందు ఉపమానంలో ప్రభువు చెప్పిన ఆ ఒక్క మనిషి మనల్ని కలవరపెడతాడు (మత్తయి 22:11-14). రాజు దాసులు దారుల్లోకి వెళ్లి చెడ్డవారినీ మంచివారినీ అందరినీ పిలుచుకొచ్చారు. కులం అడగలేదు, చదువు అడగలేదు, గతం అడగలేదు. మన తాత ముత్తాతలను కూడా ప్రభువు అలాగే పిలిచాడు. ఆ పిలుపును మించిన కృప లేదు. అయినా పెళ్లివస్త్రం లేకుండా కూర్చున్న ఒకణ్ణి రాజు చూసి, ఇక్కడికెలా వచ్చావని అడిగితే అతని నోట మాట రాలేదు. వాదించలేదు, గడువు అడగలేదు. గడువు అయిపోయిందని అతనికే తెలుసు. పిలుపు అందరికీ ఉచితమే. పిలిచిన రాజును లెక్కచేయకుండా వచ్చి కూర్చోవడమే అతని నేరం.

మిరపకాయలో తాలు ఏరేది కల్లంలోనే. యార్డులో కాటా ముందు నిలబడి ఎవరూ ఏరరు. అక్కడ ధర కట్టడమే జరుగుతుంది. మనకు దొరికిన ఈ రోజులు కల్లం రోజులు.

కాబట్టి ఈ వేసవిలో పెళ్లి కాబోతున్న బిడ్డలకు మేము చెప్పేది ఇది. చీరకు, సూటుకు ఎన్ని రోజులు కేటాయించారో అన్ని గంటలైనా మీ ఇద్దరి మనసుల కోసం కేటాయించండి. మీ ఇంటి అప్పులు దాచకండి, ఆరోగ్యం సంగతి దాచకండి. పెళ్లయ్యాక బయటపడే నిజం వేసి చూడని జాకెట్టు లాంటిది. పదిమంది ముందు కుట్టు వీడుతుంది. వివాహ ప్రకటన మూడు వారాలు చదివేది ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమనే కాదు, మిమ్మల్ని మీరు పరీక్షించుకొమ్మని కూడా. ఆ మూడు వారాల్లో పాస్టరుగారితో, పాస్టరమ్మగారితో కూర్చొని మాట్లాడండి. మీరు ఎవరితోనైనా మాటలు మానేసి ఉంటే వెళ్లి మాట్లాడండి. క్షమించని మనసుతో కట్టుకున్న చీరకు ఎంత ఇస్త్రీ చేసినా ముడత పోదు.

మగపిల్లల తల్లిదండ్రులతో ఒక మాట. మీరు తీసుకెళ్లే పళ్లెంలో చీర పక్కన మరొకటి పెట్టండి. మాకు రొక్కం వద్దు, మీ అమ్మాయి చాలు అన్న మాట పెట్టండి. ఆ ఒక్క మాటతో ఒక తండ్రి నోటు రాసివ్వడం తప్పుతుంది, ఒక అమ్మాయి తల ఎత్తుకొని బలిపీఠం దగ్గరికి వస్తుంది. క్రీస్తు పోలికగల వరుడు ఎలా ఉంటాడో ఊరు మొత్తం ప్రసంగం లేకుండానే చూస్తుంది. సంఘ పెద్దలు కూడా కట్నం మాట తెలిసీ తెలియనట్టు ముందు వరుసలో కూర్చోవడం మానుకోవాలి.

పెళ్లయి ఏళ్లు గడిచినవారు ఇది మాకు కాదనుకోనక్కరలేదు. పెళ్లి కానివారు, భర్తనో భార్యనో పోగొట్టుకున్నవారు అసలే అనుకోనక్కరలేదు. గొఱ్ఱెపిల్ల వివాహంలో మనం చూడటానికి వెళ్లే చుట్టాలం కాదు, అందరం కలిసి ఆయన వధువులం. పవిత్రురాలైన కన్యకగా మిమ్మల్ని ఒక్క పురుషునికి, క్రీస్తుకు ప్రధానం చేశానని పౌలు కొరింథు సంఘమంతటికీ రాశాడు (2 కొరింథీ 11:2). అంటే ప్రధానం అయిపోయింది. చీర వచ్చేసింది. తేదీ మాత్రం మనకు చెప్పలేదు. తేదీ తెలియని పెళ్లికి సిద్ధపడే పద్ధతి ఒక్కటే, ప్రతిరోజూ సిద్ధంగా ఉండడం. ఈ రోజు ఇవ్వవలసిన కూలి ఈ రోజే ఇవ్వడం. ఈ రోజు అడగవలసిన క్షమాపణ ఈ రోజే అడగడం. ఒక్కో రోజు ఒక్కో కుట్టు.

కుట్టడం మాకు రాదే అని దిగులుపడేవారికి కూడా ప్రభువు దారి చూపించాడు. టైలరు ఆది జాకెట్టు అడిగినట్టే పరిశుద్ధాత్మ కూడా మన జీవితాన్ని ఒక కొలత మీద కుడతాడు. పొరుగువాడిని ఆదిగా పెట్టుకుంటే మనం వాడికంటే మేలని సంతోషిస్తాం, లేదా వాడికంటే తక్కువని కుమిలిపోతాం. రెండు విధాలా కొలత తప్పుతుంది. మనకు ఆది క్రీస్తే. ఆయన ప్రేమించిన కొలతలో ప్రేమించాలి, ఆయన ఇచ్చిన కొలతలో ఇవ్వాలి. వదులైన చోట పట్టడానికి, బిగుతైన చోట విప్పడానికి మనం ఒప్పుకుంటే చాలు, చేయితిరిగిన పనివాడు ఆయనే. విప్పేటప్పుడు నొప్పి ఉంటుంది. అయినా పెళ్లిరోజు నోట మాట రాకుండా నిలబడడం కంటే ఈ రోజు కాస్త నొచ్చుకోవడం మేలు.

పెళ్లికి ముందురోజు రాత్రి మన ఇళ్లలో ఒక దృశ్యం ఉంటుంది. ఇస్త్రీ చేసిన తెల్లచీరను నలగకుండా దండెం మీద వేస్తారు. మడతపెట్టిన మేలిముసుగు పక్కన ఉంటుంది. వచ్చిన చుట్టాలు వరండాలో చాపలమీద పడుకొని ఉంటారు. అమ్మాయి మాత్రం నిద్రపట్టక లేచి, చీకట్లో వెళ్లి ఆ చీరను ఒకసారి తడిమి చూసుకుంటుంది. అంతా సిద్ధంగా ఉందని తెలిసిన మనసుకు ఆ రాత్రి భయం ఉండదు, తెల్లవారడం కోసం ఎదురుచూపే ఉంటుంది. ప్రభువు వచ్చేనాటికి మన నల్లపాడు సంఘం, ఆయన సంఘమంతా అలాంటి మనసుతో కనబడాలి. చీర ఆయన ఎప్పుడో ఇచ్చేశాడు. సూది మన చేతిలో ఉంది.